జపాన్ సీడీలోనే ఆ అదనపు పాట ఎందుకు?

విదేశీ ఆల్బమ్‌లు సేకరించేవాళ్లకు ఇది పాత బాధే. మిగతా దేశాల్లో 12 పాటలతో వచ్చిన సీడీ జపాన్‌లో 13 పాటలతో వస్తుంది. అభిమానులకిచ్చిన కానుకలా కనిపించే ఆ పాటకు అసలు కారణం ధరల చట్టం.

1953లో జపాన్ తన గుత్తాధిపత్య నిరోధక చట్టాన్ని సవరించి పుస్తకాలు, పత్రికలు, రికార్డుల వంటివాటికి మినహాయింపు ఇచ్చింది. కంపెనీ చెప్పిన ధరకే దుకాణదారు అమ్మాలి, తగ్గించడానికి వీల్లేదు. దీన్నే 'సైహన్' అంటారు. దిగుమతి సీడీలకు మాత్రం ఈ కట్టుబాటు లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. డాలరు విలువ దించడానికి అమెరికా, జపాన్ సహా ఐదు దేశాలు 1985లో చేసుకున్న ప్లాజా ఒప్పందం నాటికి డాలరు సుమారు 240 యెన్లు. 1987 చివరికి 120 ప్రాంతానికి దిగింది. దాంతో 1980లలోనే జపాన్‌లో దుకాణాలు తెరిచిన అమెరికా సంగీత దుకాణాల సంస్థ టవర్ రికార్డ్స్ లాంటి చోట్ల దిగుమతి సరుకు బాగా చవకైంది. ఒకే ఆల్బమ్ పక్కపక్కన రెండు ధరల్లో కనిపిస్తే, దేశంలో తయారైన ఖరీదైన సీడీని ఎవరు కొంటారు?

ధర తగ్గించే దారి లేక కంపెనీలు సరుకు పెంచాయి. పాటల సాహిత్యానికి జపనీస్ అనువాదం, ఒక పరిచయ వ్యాసం, చివర అదనపు పాట. ఆ పాట చాలాసార్లు సింగిల్ (ఒక ముఖ్య పాటతో విడిగా వచ్చే రికార్డు) రెండో వైపుదో, లైవ్ రికార్డింగో, రీమిక్సో అయ్యేది. ఎంతో ఆలోచించి ముగింపుగా పెట్టిన పాట ఆగగానే రీమిక్స్ మొదలైతే ఆల్బమ్ కట్టు చెదురుతుంది. ఇది నిజమైన నష్టమే. కానీ అన్నీ మిగులు సరుకు కాదు. కెనడా పాప్ గాయని కార్లీ రే జెప్సెన్ ఆల్బమ్ 'ఇమోషన్' 2015 జూన్ 24న జపాన్‌లో, దాదాపు రెండు నెలల తర్వాత ఆగస్టు 21న అమెరికాలో వచ్చింది. జపాన్ సీడీలో అదనంగా పూర్తి స్థాయి పాటలే ఉన్నాయి.

పాత సీడీ కొనేటప్పుడు ముందు 'ఓబి' చూడాలి. డబ్బా ఎడమ అంచుకు చుట్టిన కాగితపు పట్టీ అది. ధర, కేటలాగ్ నంబరు, విడుదల తేదీ దానిమీదే ఉంటాయి. చాలావాటిపై 'సైహన్'లోని మొదటి అక్షరం 'సై'తో ఒక గడువు తేదీ కూడా ఉంటుంది. ధర కట్టుబాటు అంతవరకే. పట్టీ మీది నంబరు డిస్కు మీది నంబరుతో కలవాలి, లేదంటే వేరే ముద్రణ సీడీ పట్టీ తగిలించినట్టే.

డిస్కును కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు మరో చిక్కు. పాటల సంఖ్యను, ఒక్కోటి మొదలయ్యే చోటును బట్టి సాఫ్ట్‌వేర్ ఆల్బమ్‌ను గుర్తుపడుతుంది. ఒక పాట పెరిగితే ఆ లెక్క మారిపోతుంది. పాటల పేర్లు రాకపోతే డిస్కు పాడైందనుకోవద్దు. జపాన్ ముద్రణ వివరాలు విడిగా వెతికి పెట్టుకోవాలి.