మైత్రేయి ఆగిపోయిన చోటు

యాజ్ఞవల్క్యుడు ఇల్లు వదిలి వెళ్లబోతూ ఉన్న ఆస్తిని ఇద్దరు భార్యలకూ పంచుతానంటాడు. మైత్రేయి ఆస్తి వద్దంటుంది. చావు లేకుండా చేసేదేదో ఉంటే అది చెప్పమంటుంది. బృహదారణ్యకోపనిషత్తులోని ఈ ఘట్టం చాలామందికి తెలుసు. ఆ తర్వాత జరిగిన దాని గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం.

ఆయన ఉప్పుగడ్డ పోలిక చెప్తాడు. నీళ్లలో వేసిన ఉప్పు కరిగిపోయాక మళ్లీ చేత్తో తీయలేం, కానీ ఎక్కడ తీసుకుని చూసినా ఉప్పగానే ఉంటుంది. ఆత్మ కూడా అలాగే హద్దులేని ఎరుక అని చెప్పి, వెంటనే "పోయాక సంజ్ఞ (ఎరుక) ఉండదు" అంటాడు. మైత్రేయి అక్కడే ఆగిపోతుంది. "ఇక్కడే నన్ను తికమక పెట్టారు" అంటుంది. ఆమె అడగడం న్యాయమే. అంతా ఎరుకే అని చెప్పిన మనిషి, ఆ వెంటనే ఎరుక ఉండదంటే వినేవాళ్లు ఏమనుకోవాలి? ఆత్మను మాటల్లో పెట్టడం కష్టమన్న ఫిర్యాదు ఉపనిషత్తు లోపలే నమోదైంది. బుద్ధుడికి ముందు కాలం నాటిదని ఎక్కువమంది పండితులు అంచనా వేసే గ్రంథం ఇది.

జవాబుగా యాజ్ఞవల్క్యుడు చెప్పిందే ఈ చిక్కుకి మూలం. రెండు ఉన్నట్టు తోచే చోట ఒకరు ఇంకొకరిని చూస్తారు, వింటారు, తెలుసుకుంటారు. అంతా తానే అయినప్పుడు దేనితో ఎవరిని చూడాలి? తెలుసుకునేవాణ్ణి దేనితో తెలుసుకోవాలి? మన వాక్యం నిలబడేదే చూసేవాడు, చూడబడేది అనే ఆ రెండింటి మీద. "నేను ఆత్మను చూశాను" అన్నామంటే వ్యాకరణంలో ఆత్మ కర్మ అయిపోయింది, చూసిన నేను అవతల మిగిలిపోయాను. ఆ నేనే కదా మనం చెప్పదలచుకున్నది!

అదే ఉపనిషత్తులో "నేతి నేతి" వస్తుంది. దీన్ని "ఇది కాదు, ఇది కాదు" అని చెప్పేసి వదిలేస్తుంటారు. సంస్కృతంలో "ఇతి" అంటే మన తెలుగు "అని". ఒకరి మాటనో ఒక వర్ణననో ఎత్తి చూపే మాట అది. కాబట్టి "నేతి" అంటే "ఫలానా అని కాదు". ఇక్కడ వస్తువు లేదనడం లేదు, దాన్ని ఫలానా అని చెప్పడం కుదరదంటున్నారు. తెలుగువాళ్లకు "అని" చేతిలోనే ఉంది కాబట్టి, ఈ తేడా మనకు అందినంత సులువుగా చాలా భాషల్లో అందదని నాకనిపిస్తుంది.

మాట ఎందుకు చాలదో కారణం విప్పి చెప్పినవాడు అద్వైతాచార్యుడు శంకరుడు. గీత పదమూడో అధ్యాయానికి రాసిన భాష్యంలో, మాట అర్థాన్ని చెప్పే దారులు నాలుగే అంటాడు: జాతి, క్రియ, గుణం, సంబంధం. ఆవు, గుర్రం అంటే జాతి. వండుతున్నాడు, చదువుతున్నాడు అంటే క్రియ. తెలుపు, నలుపు గుణాలు. డబ్బున్నవాడు, ఆవులున్నవాడు అంటే సంబంధం. ఆత్మే అయిన బ్రహ్మానికి ఈ నాలుగూ లేవు, ఇక మాట ఏ దారిన వెళ్తుంది? అందుకే ముందు లేని లక్షణాలు తగిలించి, తర్వాత వాటిని తీసేసే పద్ధతిని సంప్రదాయం వాడుకుందంటాడు. దాని పేరు అధ్యారోప అపవాదం. నేర్పేటప్పుడు చెప్పిన మాటను నేర్చుకున్నాక పట్టుకుని వేలాడకూడదు.

దీనికి అందరూ ఒప్పుకోలేదు. బ్రహ్మం గుణాలకు నిలయం కాబట్టి మాటలకు అందుతుందని, అసలు అన్ని మాటలూ చివరికి చేరేది అక్కడికేనని రామానుజుడు వాదించాడు. బ్రహ్మసూత్రాల్లో "ఈక్షతేర్నాశబ్దమ్" అని ఒక చిన్న సూత్రం ఉంది. అందులోని "శబ్దం" అంటే మాట అనీ, శ్రుతి అంటే వేదం అనీ చెప్పుకోవచ్చు. సాంఖ్య దర్శనం వాళ్లు చెప్పే ప్రధానానికి, అంటే జడమైన మూల ప్రకృతికి, శ్రుతి ఆధారం లేదు కనుక జగత్కారణం అది కాదని శంకరుడు దానికి అర్థం చెప్పాడు. మధ్వుడేమో అదే సూత్రాన్ని బ్రహ్మం మాటలకు అందనిది కాదు అని చదివాడు. మాట సరిపోతుందా లేదా అన్న తగవు మాట అర్థం దగ్గరే మొదలైంది.

తర్వాత మాట భాషలు దాటింది. 1657లో మొఘల్ యువరాజు దారా షికో 50 ఉపనిషత్తులను పర్షియన్‌లోకి తెప్పించాడు. ఆ పర్షియన్ నుంచి ఫ్రెంచి పండితుడు ఆంకెతిల్ దుపెరాన్ చేసిన లాటిన్ అనువాదం 1801–02లో అచ్చయింది. 1879లో ఉపనిషత్తులను ఇంగ్లీషులోకి తెచ్చిన మాక్స్ ముల్లర్ ఆత్మ అన్న మాటకు సోల్, మైండ్, స్పిరిట్ వద్దనుకుని సెల్ఫ్ ఎంచుకున్నాడు. నా దృష్టిలో అది మంచి ఎంపిక, ఎందుకంటే సంస్కృతంలో ఆత్మన్ అంటే "తాను" అని కూడా. కానీ మామూలు సెల్ఫ్ నుంచి దీన్ని వేరు చేయడానికి ఇంగ్లీషులో పెద్దక్షరం పెట్టడం అలవాటైంది. దాంతో మనలో ఉన్న చిన్న నేను కాక, ఇంకెక్కడో పెద్ద నేను ఒకటి ఉందన్న భావన తెలియకుండానే వచ్చి చేరింది.

మన లిపిలో పెద్దక్షరాలు లేవు. అయినా మనం బయటపడలేదు. తెలుగులో "ఆత్మలున్నాయా?" అని అడిగితే దెయ్యాల గురించి అనుకుంటారు. "వాడికి అహం ఎక్కువ" అంటే పొగరని అర్థం. ఆ చెవులతోనే "అహం బ్రహ్మాస్మి" కూడా వింటాం, అది గొప్పలు చెప్పుకోవడంలా వినబడుతుంది. ఆత్మకథ, ఆత్మహత్య లాంటి సమాసాల్లో మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఒకటి తన కథ, రెండోది తనను తాను చంపుకోవడం. ఆత్మ గురించి తెలుగులో రాసేవాళ్లు అప్పుడప్పుడైనా "తాను" అని రాసి చూడాలని నా కోరిక.

మైత్రేయి సంవాదం ఉపనిషత్తులో రెండుసార్లు వస్తుంది. రెండోసారి ఉప్పు కరగదు. లోపలా బయటా తేడా లేకుండా అంతా రుచే అయిన గడ్డగా ఉంటుంది. మైత్రేయి ఈసారీ తికమక పడుతుంది. యాజ్ఞవల్క్యుడు మొదటిసారి చెప్పని మాట ఒకటి కలుపుతాడు, ఈ ఆత్మ నశించేది కాదని. నేతి నేతి అంటాడు. తెలుసుకునేవాణ్ణి దేనితో తెలుసుకోవాలని మళ్లీ అడుగుతాడు. అమృతత్వం అంటే ఇంతే అని చెప్పి, వెళ్లిపోతాడు.