వాగుకు చొక్కా కుట్టడం

చిన్నారులకు,

మొన్న వంతెన పని జరుగుతున్న చోట నిలబడి మీలో ఒకమ్మాయి నన్నడిగింది: "తాతయ్యా, ఈ వాగులో నీళ్ళు ఎవరూ ఎప్పుడూ కొలవలేదట. మరి వరదొస్తే ఎన్ని నీళ్ళొస్తాయో వీళ్ళకెలా తెలుసు?" అప్పుడు నవ్వి ఊరుకున్నాను. జవాబు తెలియక కాదు, నిలబడి చెప్పేంత చిన్నది కాదని.

పెద్ద నదుల మీద గేజి స్టేషన్లుంటాయి. ఒడ్డున గీతలు గీసిన పలక ఒకటి పాతి, నీరు ఏ గీత దాకా ఉందో రోజూ రాసుకుంటారు. ఊరూ పేరూ లేని వాగులకు ఆ వైభోగం ఎక్కడిది? లోకంలో ఎక్కువ వాగులు కొలత ఎరగనివే. వంతెన మాత్రం వాటి మీదా కట్టాలి.

మా అమ్మ బట్టలు కుట్టేది. ఒకసారి ఎక్కడో దూరాన ఉన్న పిల్లాడికి చొక్కా కుట్టిపెట్టమన్నారు. చేతిలో టేపుంది, చుట్టడానికి పిల్లాడు లేడు. అమ్మ ఒకే మాట అడిగింది: "వాడెవరి పోలిక?" మీవాడిలాగే ఉంటాడు, కాస్త పొడుగు అన్నారు. ఆడుకుంటున్న నన్ను పిలిచి నిలబెట్టి, నా కొలతలు తీసుకుని, చేతులు రెండంగుళాలు పెంచి కత్తిరించింది. ఆటలోంచి లాక్కొచ్చినందుకు నాకు కోపం, అది వేరే కథ.

నీటి లెక్కలు చూసే ఇంజనీర్లు చేసేదీ ఇదే. కొలత లేని వాగుకు, కొలత ఉన్న చుట్టాన్ని వెతుకుతారు. ఎక్కడ పడ్డ చినుకు చివరికి ఈ వాగులోకే జారుతుందో ఆ నేలంతా దీని పరివాహక ప్రాంతం. చుట్టం వాగుకు ఆ నేల 100 చదరపు కిలోమీటర్లుండి, మనదానికి 50 ఉంటే, ఏడాదిలో పారే నీళ్ళు సుమారు సగం అనుకోవచ్చు. ఇక్కడిదాకా నా చొక్కా బాగానే కుదిరింది. వరద దగ్గరికొచ్చేసరికి మెడ పట్టేస్తుంది. వాగు సగమైతే వరదా సగమే అనుకోకూడదు, సగానికంటే ఎక్కువే రావచ్చు. ఒక్క మబ్బు చిన్న వాగు నేలనంతా ఒకేసారి తడిపేయగలదు. పెద్ద నేల మీద ఒక మూల కురుస్తుంటే ఇంకో మూల ఎండ కాస్తూ ఉంటుంది.

ఇంకో చిక్కుంది. పక్కింటి పిల్లాడు పక్కనే ఉన్నాడు కదా అని వాడి కొలతలు తీసుకుంటే? వాడు బొద్దుగా ఉండొచ్చు. వాగులూ అంతే. ఇసుక నేల వానను తాగేస్తుంది, బండ నేల చేతులు దులుపుకుని కిందికి తోసేస్తుంది. అడవి కాసేపు పట్టి ఉంచుతుంది. పక్కపక్కనే పారినా ఒకటి ఇసుక మీదా ఒకటి బండ మీదా పుడితే పోలికలు కలవవు. అందుకే దగ్గరితనం ఒక్కటే చూడరు; వాన, వాలు, మట్టి, చెట్లు అన్నీ చూస్తారు. అంతర్జాతీయ జలవిజ్ఞాన సంఘం వాళ్ళు 2003 నుంచి 2012 దాకా పదేళ్ళు ఈ కొలత లేని వాగుల సమస్య మీద కూర్చున్నారు. తడి ప్రాంతాల్లో అంచనాలు బాగా కుదిరాయి. ఎండు నేలల్లో ఇంకా తప్పుతూనే ఉన్నాయి. ఎండు వాగు బుద్ధి మహా చంచలం లెండి.

దాని బుద్ధి నాకు మీ వయసులోనే తెలిసింది. ఎండిన వాగు మధ్యలో చెప్పులు విడిచి, ఇసుకలో గుంట తవ్వుతూ కూర్చున్నాను. నెత్తి మీద ఒక్క చినుకు లేదు. ముందు ఆకులూ పుల్లలూ తోసుకుంటూ నురగ వచ్చింది, బొటనవేలంత ఎత్తు. చూస్తూ ఉండగానే మోకాలు దాకా వచ్చేసింది. ఒడ్డెక్కాను, చెప్పులు మాత్రం దక్కలేదు. వాన పైనెక్కడో కురిసిందన్నమాట. నీరు తీశాక వెళ్ళి చూస్తే చెట్టు కొమ్మలకు, నాకంటే ఎత్తున, ఎండుగడ్డి వేలాడుతోంది. పిట్ట గూడనుకున్నాను. కాదు, వరద ఎంతెత్తు వచ్చిందో అదే వదిలి వెళ్ళిన గుర్తు. ఇంజనీర్లు కూడా అలాంటి గడ్డీ, గోడల మీది బురద చారలూ వెతుక్కుంటూ తిరుగుతారు. పెద్దవాళ్ళను అడుగుతారు, మీ చిన్నప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని. పెద్దవాళ్ళు చెప్పేది వినాలనడానికి ఇదొక కారణం.

ఒకప్పుడు నదులు పారడానికి వాన చాలదనే అనుకునేవారు; సముద్రపు నీరే భూమిలోంచి పైకొస్తుందని చాలామంది నమ్మకం. ఫ్రాన్సులో పియరీ పెరో అనే ఆయన, పన్నులు వసూలు చేసే ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి, సీన్ నది ఎగువన పడే వానకూ పారే నీటికీ లెక్క కట్టి 1674లో పుస్తకం వేశాడు. పడిన వానలో ఆరోవంతు చాలట ఆ నది పారడానికి! మిగతాది ఆవిరైందీ, చెట్లు తాగిందీ, నేల దాచుకుందీ. కొలిచే సరంజామా ఆయనకూ పెద్దగా లేదు.

చొక్కాకు ఆఖరి కుట్టు: పిల్లాడు ఒక్క పూట వచ్చి నిలబడ్డా చాలు, అమ్మ అంచనా ఎంతో సరిదిద్దుకునేది. వాగును కూడా ఏడాదిలో నాలుగుసార్లు కొలిచినా లెక్క బాగా మెరుగవుతుంది. ఆ నాలుగుసార్లూ మీరే ఎందుకు కొలవకూడదు?

పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని, ఇక్కడా ఎగువనా వాన లేని రోజు, మోకాలు లోతు మించని చోటికి వెళ్ళండి. ఒడ్డు వెంట 10 మీటర్లు కొలిచి రెండు పుల్లలు పాతండి. ఎండు కర్రముక్క ఒకటి నీళ్ళ నడుమ వేసి, ఎన్ని సెకన్లలో దాటిందో చూడండి. 20 అనుకుందాం, అంటే సెకనుకు అర మీటరు. అడుగున పారే నీరు పైనీరంత వేగంగా పోదు కాబట్టి దాన్ని 0.85తో గుణించాలి. వాగు వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు 0.3 మీటరు అయితే మొత్తం గుణిస్తే 0.255 ఘనపు మీటర్లు. సెకనుకు 255 లీటర్లు! మీరు ఈ వాక్యం చదివేలోగా వెయ్యి లీటర్లు దాటిపోయి ఉంటాయి.

కర్రముక్క గడ్డిలో చిక్కుకుంటే మళ్ళీ వేయండి, మూడుసార్లు వేసి సగటు తీయండి. తేదీ వేసి నాకు రాయండి. కొమ్మల్లో ఎండుగడ్డి కనబడితే ఎంతెత్తున ఉందో అదీ రాయండి.

మీ
తాతయ్య