బోర్డు పోయిందన్నా అనే ముందు: డ్రైవ్‌ల మీద అపోహలు, వాస్తవాలు

తోతాపురి కాయ దిగడం మొదలైందంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల నుంచి నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకటే పాట. “అన్నా, డ్రైవ్ ఆగిపోయింది, బోర్డు పోయినట్టుంది, కొత్తది పట్టుకొచ్చేయ్.” డ్రైవ్ అంటే మోటారు స్పీడుని నడిపించే పెట్టె, బోర్డు దాని లోపలి సర్క్యూట్. బయట లారీల్లో కాయ మాగిపోతుంటే ఎవరికైనా టెన్షనే, కాదనను. కానీ బోర్డు పోయిందని ఎవరు చెప్పారంటే, డిస్‌ప్లేలో ఏదో కోడ్ వచ్చిందంటారు.

అపోహ: ఫాల్ట్ కోడ్ వస్తే బోర్డు పోయినట్టే.

కోడ్ చూపిస్తోందంటే కంట్రోల్ బోర్డు బతికి ఉందనే కదా! ఓవర్ కరెంటో ఎర్త్ ఫాల్టో చూపిస్తుంటే ముందు మోటారుకి పోయే యు, వి, డబ్ల్యు వైర్లు విప్పి మోటారు లేకుండా నడిపి చూడండి. ట్రిప్ రాలేదంటే ఇక చూడాల్సింది కేబుల్‌ని, మోటారుని. పోయిన సీజన్లో ఒక ఫ్యాక్టరీలో నేను వెళ్లేసరికే రెండు బోర్డులు మార్చి కూర్చున్నారు. గుజ్జు తీసే పల్పర్ మోటారు టెర్మినల్ బాక్స్ మూత తీస్తే, రోజూ పైపుతో కడిగే నీళ్లు లోపల నిలబడి ఉన్నాయి. మూతకి గ్యాస్కెట్టే లేదు.

అపోహ: మెగ్గర్ కొడితే తేలిపోతుంది.

మెగ్గర్ అంటే ఎక్కువ వోల్టేజ్ పంపి ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటర్. మోటారుకి కొట్టండి, డ్రైవ్ వైపు వైర్లు విప్పాకే. విప్పకుండా 500 వోల్టులు కొడితే అది డ్రైవ్‌లోకీ పోతుంది, మోటారు సంగతి తెలిసేలోపు బాగున్న ఐజీబీటీ (మోటారుకి కరెంటు పంపే పవర్ స్విచ్) పోవచ్చు.

అపోహ: మెయిన్ ఆఫ్ చేశాం, లైటు ఆరింది, ఇక చెయ్యి పెట్టొచ్చు.

415 వోల్టుల సప్లై లోపల దాదాపు 587 వోల్టుల డీసీ అవుతుంది, ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో కాసేపు నిలబడే ఉంటుంది. డ్రైవ్ మీద రాసిన నిమిషాలు ఆగి, డీసీ ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య మీటర్ పెట్టి చూశాకే ముట్టుకోండి. దీంట్లో నేను ఎవరి మాటా వినను, ఓనరు పక్కన నిలబడి తొందరపెట్టినా సరే.

అపోహ: ఐజీబీటీ కాలితే అదొక్కటి మారిస్తే చాలు.

నా చేతులు కాలింది ఇక్కడే. మీటర్ డయోడ్ మోడ్‌లో ఎర్ర ప్రోబ్ మైనస్ మీద, నల్లది యు మీద పెడితే 0.3 నుంచి 0.5 మధ్య చూపిస్తుంది, వి, డబ్ల్యు కూడా అంతే. అంకె కంటే మూడూ ఒకేలా ఉన్నాయా అన్నది ముఖ్యం. ప్రోబ్‌లు తిరగేసి ప్లస్ వైపు కూడా చూడాలి. సున్నా వచ్చిందంటే షార్ట్. కానీ మాడ్యూల్ (ఐజీబీటీలు ఉండే ప్యాక్) కాలినప్పుడు గేట్ డ్రైవర్‌ని (వాటిని ఆన్, ఆఫ్ చేసే సర్క్యూట్‌ని) కూడా లాక్కుపోయి ఉండొచ్చు, అది చూడకుండా కొత్త మాడ్యూల్ బిగించి స్టార్ట్ కొడితే ఢామ్మని పోతుంది, డబ్బులు రెండోసారి. అందుకే నేను ఆరు గేట్లనీ ఒకదానితో ఒకటి పోల్చి, డీసీ బస్‌కి (ఆ ప్లస్, మైనస్ లైన్‌కి) మాడ్యూల్‌కి మధ్య మూడు బల్బులు సీరీస్‌లో పెట్టి మొదటిసారి ఆన్ చేస్తాను. తప్పుంటే బల్బులు వెలుగుతాయి, మాడ్యూల్ మిగులుతుంది.

అపోహ: అదే కంపెనీ బోర్డైతే పెట్టగానే నడుస్తుంది.

చాలా డ్రైవ్‌లలో కెపాసిటీ సెట్టింగ్ కూడా సరిపోవాలి. 15 కిలోవాట్ల బోర్డు తెచ్చి 7.5 దాంట్లో పెట్టి అలాగే నడిపితే కరెంటు లెక్కే తప్పుతుంది. స్పీడు చెప్పే సిగ్నల్‌ని 4-20 మిల్లీ ఆంప్స్‌కీ 0-10 వోల్టులకీ మార్చే చిన్న స్విచ్ మరిచిపోయి స్పీడు రావట్లేదని గంటలు కూర్చున్నవాళ్లున్నారు (నేనూ ఒకసారి). పారామీటర్లు (డ్రైవ్ సెట్టింగులు) డ్రైవ్ బాగున్నప్పుడే ఫోటో తీసి ప్యానల్ తలుపు లోపల అంటించండి.

ఇంకొకటి, గుజ్జు లైన్లు కొన్ని నెలలే నడుస్తాయి, మిగతా ఏడాదంతా మూతే. ఏడాదికి పైగా కరెంటు చూడని డ్రైవ్‌ని, స్టోర్‌లో పెట్టిన స్పేర్ అయినా సరే, నేరుగా ఫుల్ వోల్టేజ్ మీద ఆన్ చేస్తే కెపాసిటర్లు పేలే ప్రమాదం ఉంది. వేరియాక్‌తో, అంటే వోల్టేజ్ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్‌తో, మెల్లగా పెంచాలి. గ్రానైట్ యూనిట్ల వాళ్లకైతే తడి దుమ్ము గొడవ, దాని మీద కంప్రెసర్ గాలి కొడితే ఆ గాలిలోని నీళ్లు కూడా బోర్డు మీదికే. మెత్తటి బ్రష్, పొడి గాలి చాలు. ప్యానల్ కింద కేబుల్ బొక్కలు కూడా మూయండి, బల్లులు దూరి షార్ట్ చేసిన బోర్డులు ఈ ఏడాది ఇప్పటికే రెండు చూశాను.