స్కిజోఫ్రెనియా, డోపమైన్: అపోహలు - వాస్తవాలు

విశాఖలో మానసిక వైద్యుడిగా నాకు ఈమధ్య తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఇది. మొన్న గాజువాక నుంచి కొడుకుని తీసుకొచ్చిన ఒక తండ్రి కూడా అదే అడిగారు: "డాక్టర్ గారూ, వీడికి డోపమైన్ ఎంతుందో రక్తం తీసి చూడండి." డోపమైన్ అంటే మెదడు కణాల మధ్య సందేశాలు మోసే ఒక రసాయనం. స్కిజోఫ్రెనియా అంటే ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటి లక్షణాలుండే మానసిక జబ్బు.

అపోహ: డోపమైన్ ఎక్కువైతే స్కిజోఫ్రెనియా వస్తుంది. షుగర్‌లాగే పరీక్షలో తెలిసిపోతుంది.

వాస్తవం: జబ్బును తేల్చే అలాంటి రక్తపరీక్ష లేదు. రక్తంలోని డోపమైన్‌ని బట్టి మెదడులో ఏం జరుగుతోందో చెప్పలేం. మేం పరీక్షలు రాసేది థైరాయిడ్ లాంటి వేరే సమస్య ఉందేమో చూడటానికే. రోగితో, ఇంట్లోవాళ్ళతో కూర్చుని మాట్లాడితేనే జబ్బు తెలుస్తుంది.

అసలు ఇక్కడ మందు ముందు దొరికింది, కారణం వెతకడం తర్వాత మొదలైంది. 1952లో పారిస్ డాక్టర్లు క్లోర్‌ప్రోమజైన్ ఇస్తే రోగులు కుదుటపడ్డారు. ఎందుకో అప్పటికి తెలియదు. 1963లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ ఎలుకల మీద పరిశోధించి, మెదడులో డోపమైన్ లాంటి రసాయనాలను అందుకునే రిసెప్టర్లను ఈ మందులు అడ్డుకుంటున్నాయని ఊహించారు. తర్వాత స్కానుల్లో, చాలామంది రోగులకు స్ట్రయాటమ్ అనే లోపలి భాగంలో డోపమైన్ ఎక్కువగా తయారవుతోందని కనిపించింది. అందరికీ కాదు. పైగా మెదడు ముందుభాగంలో అది తక్కువ పడుతుందనడానికీ ఆధారాలున్నాయి. మాత్రలతో చెవుల్లో మాటలు తగ్గాక కూడా పిల్లాడు గదిలోంచి రాకపోవడం, ఎవరితోనూ కలవకపోవడం ఇందువల్లే కావచ్చు. ఇంట్లో దాన్ని బద్ధకం అంటారు. దయచేసి అలా అనకండి, అదీ జబ్బే.

కెటమిన్ అనే మత్తుమందు గ్లూటమేట్ అనే మరో రసాయనం పనికి అడ్డుపడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఇచ్చినా కాసేపు అనుమానాలూ ముభావమూ రెండూ రావచ్చు. కాబట్టి నెపమంతా డోపమైన్ మీదే వెయ్యలేం.

అపోహ: ఒంట్లో చేరిన విషమే కారణం, పత్యం చేస్తే పోతుంది.

వాస్తవం: ఇలాంటి ఆశ శాస్త్రవేత్తలకీ ఉండేది. 1962లో రోగుల మూత్రాన్ని పరీక్షిస్తే గులాబీ రంగు మచ్చ కనిపించిందన్నారు. తిండి వల్ల, మందుల వల్ల కూడా అది రావచ్చని, జబ్బుకి గుర్తు కాదని తర్వాత తేలింది.

అపోహ: కారణం పూర్తిగా తెలియనప్పుడు మాత్రలెందుకు?

వాస్తవం: మాత్రలు ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది. చేతులు వణికినా, బరువు పెరిగినా మాకు చెప్పండి, మోతాదో మందో మారుస్తాం. మీ అంతట మీరు ఆపకండి.

ఆ తండ్రికి రక్తపరీక్ష బదులు ఒక పని చెప్పాను. అబ్బాయికి నిద్ర ఎప్పటినుంచి తగ్గింది, కాలేజీ ఎప్పుడు మానేశాడు, తనలో తాను మాట్లాడుకోవడం ఎప్పుడు మొదలైంది, ఇవన్నీ వాళ్ళమ్మను అడిగి కాగితం మీద రాసుకుని రమ్మన్నాను.