జాతర మర్నాడు

బుజ్జికి, చిన్నాకి తాతయ్య దీవెనలు.

మొన్న అమెరికా నుంచి వీడియో కాల్‌లో బుజ్జి అడిగిన ప్రశ్న నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "నవంబరు ఎలక్షన్లలో ప్రెసిడెంట్ పోటీ చెయ్యడు కదా తాతయ్యా, మరి ఆయన పార్టీకే సీట్లు తగ్గుతాయని టీచర్ ఎందుకన్నారు?" అని.

టీచర్ అన్నది చాలావరకు నిజమే. మీ దేశంలో ప్రెసిడెంట్‌ని నాలుగేళ్లకోసారి ఎన్నుకుంటారు, మన లోక్‌సభ లాంటి హౌస్‌లోని 435 మందినీ రెండేళ్లకోసారి. ప్రెసిడెంట్ నాలుగేళ్ల మధ్యలో వచ్చే ఎన్నికే మిడ్‌టర్మ్. 1994లో క్లింటన్ పార్టీకి 50కి పైగా సీట్లు పోయాయి. 2010లో ఒబామా పార్టీకి 63, 2018లో ట్రంప్ పార్టీకి 40.

నాకు పదేళ్లప్పుడు మా మేనమామ అమ్మవారి జాతరలో గాజుల కొట్టు పెట్టేవాడు. పెట్టెలు మోయడం, గాజులు రంగుల వారీగా సర్దడం నా పని. జాతర రోజు ఇసుక వేస్తే రాలనంత జనం. వాళ్లు మా గాజుల కోసం రాలేదు, అమ్మవారి కోసం వచ్చారు. ఎలాగూ వచ్చాం కదా అని మా దగ్గర ఓ డజను కొనేవారు. ప్రెసిడెంట్ ఎన్నికా అంతే. మామూలుగా ఓటుకి కదలనివాళ్లు కూడా ఆ పెద్ద పేరు కోసం వచ్చి, పనిలో పనిగా ఆయన పార్టీలో చిన్నవాళ్లకీ ఓటేసి వెళ్తారు. మామూలప్పుడు గెలవని చోట్ల కూడా ఆ పార్టీ గెలుస్తుంది.

మర్నాడు కూడా మామయ్య కొట్టు తెరిచేవాడు. ఎండ, ఎంగిలి విస్తళ్లు, చెరుకు పిప్పి తప్ప ఏమీ ఉండేది కాదు. ఒకసారి ఒకావిడ చెయ్యి చాచి పట్టుకుని వచ్చింది. మణికట్టు చుట్టూ నల్లటి చార. "రంగు పోదన్నావే, ఒక్క స్నానానికే ఇలా అయింది!" మామయ్య మాట్లాడకుండా డబ్బులు తిరిగిచ్చాడు. సాయంత్రం దాకా నలుగురొచ్చారు, నలుగురిదీ అదే గోడు. గాజులు బాగున్నాయని చెప్పడానికి ఒక్కరూ రాలేదు. గాజులు నచ్చినవాళ్లు అవి వేసుకుని ఇంట్లో పనులు చూసుకుంటున్నారు.

మిడ్‌టర్మ్ అంటే ఆ మర్నాడన్నమాట. ఓటు హక్కున్న ప్రతి వందమందిలో 2016 ప్రెసిడెంట్ ఎన్నికలో సుమారు 60 మంది ఓటేస్తే, అంతకుముందు 2014 మిడ్‌టర్మ్‌లో వేసింది సుమారు 37 మందే. ధరలు పెరిగాయనో, చెప్పింది చెయ్యలేదనో మండిపోతున్నవాళ్లు తప్పకుండా వస్తారు. అన్నీ ఒక్క పార్టీ చేతిలోనే ఎందుకు, అవతలివాళ్లనీ ఉండనిద్దాం అనుకునేవాళ్లూ వస్తారు.

అలా అడగడానికి వచ్చినవాళ్లని చెడ్డవాళ్లనుకోకండి. ఆ నలుగురి వల్లే మరుసటి ఏడు మామయ్య సరుకు ఇంకో చోట కొన్నాడు.

అయితే 1998లో, 2002లో ప్రెసిడెంట్ పార్టీకే సీట్లు పెరిగాయి. 2002 నాటికి సెప్టెంబరు 11 దాడులు జరిగి ఏడాదే అయింది. 1998లో క్లింటన్‌ని దించాలని అవతలి పార్టీ పట్టుబట్టింది, దాంతో ఆయన మనుషులకీ రోషం వచ్చింది. కోట్లమంది మనసులు ఏ రోజు ఎటు తిరుగుతాయో! నా గాజుల కథకి అందేది కాదది.

మీ అమ్మానాన్నలకి అక్కడ ఇంకా ఓటు లేదు. అక్కడే పుట్టిన మీకు 18 నిండగానే వస్తుంది. ఈలోగా ఒక పని చెయ్యండి. 2026 నవంబరు 3 మంగళవారం, స్కూలయ్యాక నాన్నతో మీ వీధి దగ్గరి పోలింగ్ కేంద్రం దాకా వెళ్లి, రోడ్డు అవతల ఓ అరగంట నిలబడండి. లోపలికి ఎంతమంది వెళ్లారో లెక్కపెట్టి నోటుబుక్కులో రాసి దాచండి. 2028లో ప్రెసిడెంట్ ఎన్నిక రోజున అదే వేళకి, అదే చోట మళ్లీ లెక్కపెట్టండి. రెండు లెక్కలూ నాకు రాయాలి.

మీ తాతయ్య