నల్ల ట్రే, సేమ్యా పాయసం

చిన్నూ, ఇది చెల్లికి కూడా చదివి వినిపించు.

ప్లాస్టిక్‌లో కరెంటు పారదని టీచర్ చెప్పారు, మరి కంప్యూటర్ చిప్పులు పెట్టే నల్ల ట్రేలో కొంచెం పారుతుందని నాన్న అంటాడేంటి తాతా అని అడిగావు కదా. ఇద్దరూ కరెక్టేరా. మన ఒంట్లో పుట్టే స్టాటిక్ కరెంటు చిప్పుని పాడుచెయ్యకుండా మెల్లగా జారిపోవాలని ఆ ప్లాస్టిక్‌లో కార్బన్ కలుపుతారు. చాలావాటిలో మామూలు నల్ల పొడి, కొన్నిట్లో కార్బన్ నానోట్యూబులు, అంటే కంటికి కనపడనంత సన్నటి కార్బన్ గొట్టాలు. 1991లో జపాన్‌లో సుమియో ఇజిమా గారు వీటి గురించి రాసాక లోకమంతా వెంటపడింది. వెంట్రుకలో వెయ్యో వంతు లావు కూడా ఉండవు, పొడుగ్గా చిక్కుపడి ఉంటాయి, అచ్చం సేమ్యా.

సేమ్యా అంటే గుర్తొచ్చింది, మా చిన్నప్పుడు ప్యాకెట్లు కొనేవాళ్ళం కాదు, ఎండాకాలంలో మిషన్ బల్లకి బిగించి పిల్లలం హ్యాండిల్ తిప్పుతుంటే నాయనమ్మ తీగలు తెగకుండా పట్టుకుని కర్రల మీద ఆరేసేది, తెగినవి మాకు పెట్టేది, అందుకే మేం కావాలని తెంపేవాళ్ళం.

సరే, పాయసంలోకొద్దాం. సేమ్యా వేసి కలపకపోతే ఉండ కడుతుంది, మిగతా గిన్నెంతా ఉత్త పాలే. ట్యూబులూ అంతే, కరిగిన ప్లాస్టిక్‌లో విడిపోకపోతే కరెంటుకి ఈ చివర్నుంచి ఆ చివరికి దారి దొరకదు. అలాగని గరిటెతో అదేపనిగా తిప్పావనుకో, విరిగి పొట్టి ముక్కలైపోయి ఒకదాన్నొకటి అందుకోలేవు. ఎక్స్‌ట్రూడర్ అనే స్క్రూ మిషన్లో కలిపేవాళ్ళ బాధంతా ఇదే. బాగా కుదిరితే వందలో ఒకటి రెండు పాళ్ళు చాలు. ఓపిక లేనివాడు ఇంకాస్త వేసేస్తే పోలా అంటాడు, వేస్తే పాయసం ముద్దయినట్టు ప్లాస్టిక్ చిక్కబడి అచ్చులోకి పారనని మొరాయిస్తుంది. నువ్వు లెక్కలు గబగబా చేసేసినట్టు కాదు నాన్నా, ఈ పనికి నిదానం కావాలి.

ఇంకో తమాషా. పాయసం గబగబా వంపితే సేమ్యా అంతా ఒకే వైపు బారులు తీరుతుంది చూడు, అచ్చులోకి ప్లాస్టిక్‌ని స్పీడుగా నెట్టినా గోడల పక్కన ట్యూబులు అలాగే వరసగా పడుకుంటాయి, అడ్డదిడ్డంగా తగులుకుంటేనే కదా దారి, అందుకని పై పొరలో కరెంటు తగ్గిపోతుంది. అదే ముక్కని మళ్ళీ కరిగించి కదపకుండా కాసేపు ఉంచితే చాలాసార్లు పోయిన కరెంటు తిరిగొస్తుంది! ఎవరూ కలపలేదు, వాటంతటవే కదిలి మళ్ళీ పట్టుకుంటాయి. ఇక్కడికొచ్చేసరికి నా సేమ్యా పనిచెయ్యదురా, ఎన్నిసార్లు తల్చుకున్నా నాకు వింతే.

నాన్ననడిగి పనికిరాని ట్రే ఒకటి తీసుకో. కరెంటుకి ఎంత అడ్డుందో చూపించే మల్టీమీటర్‌ని మెగా ఓమ్స్‌లో పెట్టి రెండు ప్రోబులూ ఆనించి చూడు, తర్వాత ఉప్పు కాగితంతో పై పొర కాస్త రుద్ది అక్కడే మళ్ళీ చూడు. రెండు నంబర్లూ రాసి పంపు. గోడ ప్లగ్గుల జోలికి మాత్రం పోకు.

మీ తాత