పసిపిల్లల బరువు: "మా వంశమే అంత" అనే ముందు

అపోహ: పిల్లల ఊబకాయం జాతిని, వంశాన్ని బట్టి రాసిపెట్టి ఉంటుంది.

వాస్తవం: వంశం పాత్ర కొంత ఉంటుంది. అయితే అమెరికాలో బోస్టన్ ప్రాంతపు తల్లీబిడ్డలను గర్భం నుంచీ గమనిస్తూ వచ్చిన 'ప్రాజెక్ట్ వివా'లో ఏడేళ్లకు నల్లజాతి, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లల బరువు తెల్లజాతి పిల్లలకన్నా ఎక్కువగా కనిపించింది. తొలి నెలల్లో వేగంగా పెరిగిన బరువు, నాలుగు నెలలు నిండకుండానే మొదలైన ఘనాహారం, తక్కువ నిద్ర, పడకగదిలో టీవీ, తీపి పానీయాలు, ఇవన్నీ లెక్కలోకి తీసుకునేసరికి ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. ఇవి మనం మార్చగలిగినవే.

అపోహ: చిన్నగా పుట్టిన బిడ్డకు కొవ్వు ఎక్కడిది? త్వరగా బొద్దుగా చేయాలి.

వాస్తవం: పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డలను ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చి చూశారు. సగటు బరువు ఇక్కడ సుమారు 2.7 కిలోలు, అక్కడ 3.5. మన బిడ్డల్లో కండ బాగా తక్కువ, వీపుమీది చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అందుకే బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. టీకాకు వెళ్లినప్పుడల్లా పొడవు కూడా కొలిపించి గ్రోత్ చార్టులో (వయసుకు తగ్గ పెరుగుదల గీతలుండే పట్టికలో) గుర్తు పెట్టించండి. పొడవు ఉన్నచోటే ఉండి బరువు మాత్రం పై గీతను దాటుతుంటే పాలు పట్టే తీరు డాక్టరుతో మాట్లాడాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మాత్రం సొంతంగా పాలు తగ్గించకండి.

అపోహ: డబ్బాపాలు కాస్త చిక్కగా కలిపితే బలం.

వాస్తవం: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ముందు సీసాలో నీళ్లు కొలవాలి, తర్వాతే పొడి. చాలా డబ్బాలకు 30 మి.లీ.కి ఒక స్కూపు, అయినా మీ డబ్బా మీద ఉన్న కొలతే పాటించండి. స్కూపును అదమకుండా నింపి, కత్తి వెనకవైపుతో సమం చేయండి. గోపురంలా పైకి ఉంటే ప్రతి సీసాలోనూ అదనపు కేలరీలు, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం. బిడ్డ పెదాలు బిగించినా, ముఖం తిప్పుకున్నా కడుపు నిండిందని అర్థం. మిగిలిన పాలు పారబోయండి, బలవంతంగా పట్టకండి. ఏడ్చిన ప్రతిసారీ ఆకలే కాదు, డైపరు, నిద్ర కూడా చూడాలి.

అపోహ: ఇంట్లో తీసిన జ్యూసేగా!

వాస్తవం: ఏడాదిలోపు వద్దు. ఆరు నెలలు నిండాక పండును మెత్తగా నలిపి పెట్టండి.

అపోహ: విదేశంలో డాక్టరు "నార్మల్" అన్నారు కాబట్టి బెంగ లేదు.

వాస్తవం: భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015 చార్టుల్లో 5 నుంచి 18 ఏళ్ల పిల్లలకు, పెద్దల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే సూచీ) 23కి సమానమైన గీత దాటితే అధిక బరువు, 27కి సమానమైనది దాటితే ఊబకాయం. అంతర్జాతీయంగా పెద్దలకు సాధారణంగా వాడే 25, 30 కన్నా ఇవి తక్కువ. అందుకే అక్కడ "నార్మల్" అన్న బిడ్డ ఇక్కడి గీత దాటి ఉండొచ్చు. ఐదేళ్లు దాటిన పిల్లలకు ఇంట్లో టేపుతో నడుము కొలవండి. ఎత్తులో సగానికి చేరితే డాక్టరుకు చెప్పండి.